స్మార్ట్ అంటే ముందు మంట

కిందటి సంచికలో 'హ్యాండ్సమ్' గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో "స్మార్ట్ సంగతి ఇంకోసారి చూద్దాం" అని తప్పించుకున్నాను. పాఠకులు తప్పించుకోనివ్వలేదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క మాట మీదే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను. ముప్పై ఏళ్ళు అనువాదాలు చేసి, ప్రూఫులు దిద్ది బతికినదాన్ని. ఈ మాట దగ్గర నేను పడ్డ పాట్లు కూడా కొన్ని ఉన్నాయి, అవీ చెప్తాను.

ప్రశ్న: మా టీమ్‌లో ఒక అమెరికన్ ఉన్నాడు. ఆన్‌లైన్ మీటింగ్ మొదలయ్యే ముందు వాళ్ళ బాబు ఫొటో చూపించాడు. పిల్లాడు భలే ముద్దుగా ఉన్నాడు. "యువర్ సన్ ఈజ్ వెరీ స్మార్ట్" అన్నాను. అతను నవ్వి, "వాడికి ఆరు నెలలు. ఇంకా పాకడమే రాలేదు. తెలివైనవాడని నీకు అప్పుడే ఎలా తెలిసింది?" అన్నాడు. అందరూ నవ్వేశారు. నాకు మాత్రం ఆ రోజంతా అదే టెన్షన్. నేనన్నదాంట్లో తప్పేంటండీ?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

వ్యాకరణంలో తప్పు లేదమ్మా. మీరు తెలుగు మాటను ఇంగ్లీషు వాక్యంలో పెట్టారు, అంతే. 'స్మార్ట్' తెలుగు మాట ఎలా అయిందంటారా? "వాడు స్మార్ట్‌గా ఉన్నాడే" అని మనవాళ్ళు అంటే, వాడి మార్కుల గురించి ఎవరూ అనుకోరు. సన్నగా, నీటుగా, చూడ్డానికి బాగున్నాడని అర్థం. ఆ అర్థం మన దగ్గర స్థిరపడిపోయింది. మీరు తెలుగులో మాట్లాడుతూ అలా అంటే నేను ఎర్రసిరా తియ్యను. పేచీ అంతా ఆ మాట తిరిగి పుట్టింటికి వెళ్ళినప్పుడే.

అమెరికన్ చెవిలో స్మార్ట్ అంటే ముందుగా బుర్ర. బ్రిటిష్ చెవిలో బుర్రకన్నా ముందు బట్టలు: ఇస్త్రీ నలగని చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. ఇప్పుడు అమెరికన్ సినిమాల పుణ్యమా అని బ్రిటన్లోనూ తెలివి అనే అర్థం మామూలైపోయింది గానీ, "యూ లుక్ స్మార్ట్" అని లండన్ మనిషితో అంటే అతని చెయ్యి ఇప్పటికీ టై దగ్గరికే పోతుంది. ముక్కూ కళ్ళూ బాగున్నాయని చెప్పడానికి మాత్రం అక్కడా ఇక్కడా ఎవరూ ఆ మాట వాడరు. బట్టలు మార్చుకుంటే పోయేది బ్రిటిష్ స్మార్ట్‌నెస్. మార్చుకున్నా పోనిది మనది.

పసివాణ్ణి చూసి అనదలచుకుంటే 'క్యూట్' ఉంది, 'అడోరబుల్' ఉంది, "వాట్ ఎ లవ్లీ బేబీ" అనేస్తే ఏ దేశంలోనైనా చెల్లుతుంది. పెద్దవాళ్ళకైతే 'గుడ్ లుకింగ్'.

అయితే మీ టీమ్‌లో నవ్వినవాళ్ళకి చెప్పడానికి ఒక సంగతి దాచుకోండి. ఆ 'క్యూట్' ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళలో ఎంతమందికి తెలుసో అడగండి. అది 'అక్యూట్' అనే మాటకు ముందు అక్షరం రాలిపోయి మిగిలిన ముక్క. అక్యూట్ అంటే లాటిన్‌లో పదునుపెట్టినది అని. 18వ శతాబ్దంలో క్యూట్ అంటే చురుకైనవాడు, గడుసువాడు అనే అర్థం. 19వ శతాబ్దంలో అమెరికన్లే దాన్ని అందం వైపు లాగారు. బుర్రకు చెందిన మాటను ముఖానికి అంటగట్టడం మన స్మార్ట్‌తోనే మొదలు కాలేదన్నమాట. వాళ్ళు క్యూట్‌తో చేసిన పనే మనం స్మార్ట్‌తో చేశాం. వాళ్ళది నిఘంటువుకెక్కింది, మనది ఇంకా మీటింగుల్లో నవ్వులపాలవుతోంది. పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు కూడా. అమెరికన్ తల్లి కోపంగా "డోంట్ గెట్ క్యూట్ విత్ మీ" అంటే "నా దగ్గర నీ తెలివితేటలు చూపించకు" అని.

ప్రశ్న: స్పోర్ట్స్ పేజీలో ఒక టీమ్ గురించి "స్టిల్ స్మార్టింగ్ ఫ్రమ్ లాస్ట్ వీక్స్ డిఫీట్" అని రాశారు. ఓటమి నుంచి ఇంకా తెలివి నేర్చుకుంటున్నారని నేను అర్థం చేసుకున్నాను. మా అన్నయ్య కాదంటున్నాడు, ఏమిటో మాత్రం చెప్పలేకపోతున్నాడు.
— ఒక డిగ్రీ విద్యార్థి

మీ అన్నయ్య అన్నది నిజమే. ఓడిన మంట ఇంకా చల్లారలేదని దాని అర్థం. ఇదే తప్పు నేనూ చేశాను, అదీ అచ్చుకు వెళ్ళాల్సిన కాగితంలో. కాబట్టి మీరేమీ సిగ్గుపడక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. మందుల పెట్టెల్లో మడిచిపెట్టే చిన్న కాగితాలు తెలుగు చేసే పని నాకిచ్చారు. కంట్లో వేసుకునే చుక్కల మందు ఒకటి వచ్చింది. అందులో ఒక వాక్యం: మందు వేశాక కళ్ళు కొద్దిసేపు 'మే స్మార్ట్' అని. స్మార్ట్ అంటే చురుకు కదా అనుకున్నాను. "మందు వేసిన తర్వాత కొద్దిసేపు కళ్ళు చురుకుగా ఉంటాయి" అని రాసేసి, బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. మందన్నాక కళ్ళను చురుకు చెయ్యకపోతే ఇంకెందుకు!

మా సీనియర్ ఒకాయన కాగితం చూశారు. నవ్వలేదు, కోప్పడలేదు. 'చురుకుగా ఉంటాయి' మీద కలం పెట్టి, 'చురు' వరకు ఉంచి, మిగతాది కొట్టేసి, పక్కన 'క్కుమంటాయి' అని రాశారు. చురుక్కుమంటాయి. "సగం సరిగ్గానే రాశావమ్మా" అని కాగితం తిరిగి ఇచ్చారు.

అప్పుడు ఎగతాళి అనుకున్నాను. తర్వాత పెద్ద నిఘంటువు తీసి ఆ మాట చరిత్ర చూస్తే తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. వెయ్యేళ్ళ నాటి పాత ఇంగ్లీషులో స్మార్ట్‌కు ఉన్న అర్థం ఒక్కటే: నొప్పి పెట్టేది, మండేది. కొరడాదెబ్బకి స్మార్ట్, తేలుకాటుకి స్మార్ట్. దాని అక్కచెల్లెళ్ళు పక్క భాషల్లో ఇప్పటికీ ఆ నొప్పితోనే కాపురం చేస్తున్నాయి. జర్మన్‌లో 'ష్మెర్ట్స్' అంటే నొప్పి. డచ్‌లో 'స్మార్ట్' అనే అంటారు, అర్థం మాత్రం దుఃఖం, వేదన. ఇంగ్లీషులో మాత్రమే ఆ పిల్ల ఇల్లు మారింది. మండే దెబ్బ వేగంగా, గట్టిగా తగులుతుంది కాబట్టి ముందు వేగం, జోరు అనే అర్థాలు వచ్చాయి. సుమారు 1300 నాటికి ఆ జోరు మనిషికి అంటుకుంది: చలాకీగా ఉండేవాడు, మాటకు మాట అందించేవాడు స్మార్ట్. అక్కణ్ణుంచి తెలివికి ఒక్క అడుగే. బట్టల అర్థం చాలా తర్వాత, 18వ శతాబ్దంలో వచ్చింది.

ఇప్పుడు మన 'చురుకు'ని పక్కన పెట్టి చూడండి. ఎండ చురుక్కుమంటుంది. వేడి గిన్నె అంచు వేలికి తగిలితే చురుక్కుమంటుంది. వాతపెట్టినట్టు మాట అంటే చురక. పేపర్లో "అధికారులకు కోర్టు చురకలు" అని వారానికోసారైనా శీర్షిక వస్తుంది. అదే మాట గుణమై మనిషి దగ్గరికి వస్తే చురుకైన పిల్ల, చురుకైన విద్యార్థి. మంట, వేగం, బుద్ధి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు భాషలు, రెండు మాటలు, నడిచిన దారి మాత్రం ఒక్కటే. అందుకే నా తప్పులో సగం ఒప్పు ఉంది. నాకు తెలిసినంతలో స్మార్ట్‌కు చురుకుకన్నా దగ్గరి తెలుగు మాట ఇంకొకటి లేదు. తెలివి కాదు, అందం అసలే కాదు.

చురక అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. షేక్‌స్పియర్ 'హామ్లెట్' మూడో అంకంలో, అన్నను చంపి గద్దెనెక్కిన రాజు పక్కవాళ్ళు యథాలాపంగా అన్న మాట విని, ఆ మాట తన మనస్సాక్షికి ఎంత 'స్మార్ట్' కొరడాదెబ్బో అని తనలో తాను అనుకుంటాడు. అక్కడ తెలివైన కొరడా అని చదువుకున్న విద్యార్థులు నాకు తెలుసు. చుర్రుమనే కొరడా. నాలుగు వందల ఏళ్ళ క్రితం కూడా పాత అర్థం ఇంకా వేడిగానే ఉంది.

ఇప్పుడు ఆ అర్థం క్రియగా బతుకుతోంది. ఉల్లిపాయ తరిగితే "మై ఐస్ ఆర్ స్మార్టింగ్". అవమానం జరిగితే "హీ ఈజ్ స్టిల్ స్మార్టింగ్". విశేషణంగా కొన్నిచోట్లే మిగిలింది: 'ఎ స్మార్ట్ బ్లో' అంటే చుర్రుమనే దెబ్బ, 'ఎ స్మార్ట్ ట్యాప్ ఆన్ ది షోల్డర్' అంటే భుజమ్మీద గట్టిగా తట్టడం. పాత నవలల్లో 'ఎట్ ఎ స్మార్ట్ పేస్' కనిపిస్తే వేగంగా నడిచారని చదువుకోండి, తెలివిగా నడిచారని కాదు.

ప్రశ్న: షేర్ మార్కెట్ వార్తల్లో 'స్మార్ట్ మనీ' అంటుంటారు. డబ్బుకు తెలివేమిటి?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి

లోగుట్టు తెలిసినవాళ్ళు పెట్టే డబ్బు అని ఇప్పటి అర్థం. 20వ శతాబ్దంలో అమెరికన్ పందెంరాయుళ్ళ నోట పుట్టి, అక్కణ్ణుంచి షేర్లకు పాకింది. అయితే ఈ జంటపదం అంతకన్నా చాలా పాతది, అప్పట్లో దానికి వేరే బతుకుండేది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో యుద్ధంలో గాయపడ్డ సైనికులకు, నావికులకు ఇచ్చే పరిహారాన్ని స్మార్ట్ మనీ అనేవాళ్ళు. నొప్పికి డబ్బు. జర్మన్ న్యాయభాషలో ఇలాంటి పరిహారానికి నేటికీ 'ష్మెర్ట్సెన్స్‌గెల్ట్' అనే పేరు, అంటే నొప్పి డబ్బే. తర్వాత అమెరికన్ కోర్టుల్లో తప్పు చేసినవాడికి చురుక్కుమనేలా నష్టపరిహారం పైన విధించే సొమ్మును కూడా స్మార్ట్ మనీ అన్నారు. తగిలించుకున్నవాడికి వచ్చేది ఒకప్పుడు, తగిలించినవాడు కట్టేది ఇంకొకప్పుడు, ఇప్పుడేమో తెలివైనవాడు పెట్టేది.

మార్కెట్ పడిపోయిన రోజు మాత్రం ఆ తెలివైనవాళ్ళ డబ్బు కూడా పాత అర్థంలోకే వెళ్ళిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి రెజ్యూమెలో వాడి స్నేహితుడు సరదాగా "ఓవర్ స్మార్ట్" అని రాశాడు, అది పొరపాటున ఒక విదేశీ కంపెనీకి వెళ్ళిపోయింది. వాళ్ళు దాన్ని పొగడ్త అనుకుంటారా, తిట్టు అనుకుంటారా?
— ఒక తండ్రి

అర్థం కాక బుర్ర గోక్కుంటారు. 'ఓవర్ స్మార్ట్' మన దేశపు ఇంగ్లీషులో దర్జాగా తిరుగుతుంది గానీ, బయట పెద్దగా వినపడదు. మీ అబ్బాయిని ముందు వాళ్ళకి ఇంకో ఉత్తరం రాసుకోమనండి.

ఆ మాట కావాల్సిన చోట బ్రిటిష్‌వాళ్ళు 'టూ క్లెవర్ బై హాఫ్' అంటారు. అవసరమైనదానికన్నా సగం ఎక్కువ తెలివి అని లెక్కకట్టి చెప్పినట్టుంటుంది, అందులో ఉన్న వెటకారం నాకు చాలా ఇష్టం. అమెరికన్లకు 19వ శతాబ్దం నుంచే 'స్మార్ట్ ఆలెక్' ఉన్నాడు. అన్నీ తనకే తెలుసన్నట్టు ఎదురు చెప్పేవాడు. చిన్నపిల్లల్ని ముద్దుగా విసుక్కోడానికి 'స్మార్టీ ప్యాంట్స్'. క్లాసులో మాస్టారు "డోంట్ గెట్ స్మార్ట్ విత్ మీ" అన్నారంటే మెచ్చుకున్నారనుకుని ఇంటికొచ్చి చెప్పకండి, ఎదురు మాట్లాడొద్దని మందలింపు అది.

తెలుగులో అయితే మనకి కొదవే లేదు. అతి తెలివి, తెలివి మీరినవాడు, గడుసుపిండం, ముదురు. ఇందులో 'ముదురు' నాకు మహా నచ్చుతుంది. కాయ లేతగా ఉండాల్సిన వయసులో ముదిరిపోయిందన్న ఆక్షేపణ మొత్తం ఆ మూడక్షరాల్లో ఉంది. ఓవర్ స్మార్ట్ అని రెండు ఇంగ్లీషు మాటలు అతికించడానికి ముందు మనవాళ్ళు "వాడు ముదురురా" అనే సరిపెట్టుకున్నారు. ఇప్పటికీ అది చాలు.

ప్రశ్న: విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్న నా విద్యార్థులకు సిఫారసు ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కొక్కరికి స్మార్ట్, క్లెవర్, ఇంటెలిజెంట్, బ్రైట్ అని మార్చి మార్చి రాస్తున్నాను. వీటిలో తేడా ఉందా? లేక ఏది రాసినా ఒకటేనా?
— ఒక లెక్చరర్

తేడా ఉంది సర్. మార్చి మార్చి రాస్తే ఒక పిల్లవాడికి మేలు, ఇంకో పిల్లవాడికి కీడు జరగొచ్చు.

'ఇంటెలిజెంట్' తూకం వేసి వాడే మాట. లాటిన్‌లో దాని మూలం రెంటి మధ్య ఏరుకోవడం, మంచి చెడ్డ వేరుచేయగలగడం. మనిషికే కాదు, కుక్కకీ, ప్రశ్నకీ, వ్యాసానికీ కూడా వాడొచ్చు. వెచ్చదనం తక్కువ, ప్రమాదం అసలే లేదు. ఉత్తరంలో నిశ్చింతగా రాయండి.

'క్లెవర్' దగ్గర జాగ్రత్త. చిక్కుముడి విప్పే నేర్పు అందులో ఉంది, లోతు ఉందన్న హామీ లేదు. బ్రిటిష్ మనిషి ఒకరి పరిశోధన గురించి "వెరీ క్లెవర్" అని ఊరుకున్నాడంటే, తర్వాతి వాక్యం "కానీ"తో మొదలవుతుందని ఎదురుచూడొచ్చు. ఒక యంత్రానికో, ఉపాయానికో ఆ మాట బాగా కుదురుతుంది. మీ విద్యార్థి చేసిన ప్రయోగాన్ని క్లెవర్ అనండి, విద్యార్థిని మాత్రం అనకండి.

'బ్రైట్' పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని మెచ్చుకునే మాట. లెక్చరర్ విద్యార్థిని అనొచ్చు, విద్యార్థి లెక్చరర్‌ని అనకూడదు. తన బాస్‌ని "హీ ఈజ్ ఎ బ్రైట్ మ్యాన్" అని పొగిడిన కుర్రాడి మాటకు ఆ బాస్ ముఖం మాడిపోవడం నేను కళ్ళారా చూశాను. దీనికి మన భాషలో జోడీ వెతికితే సూటిగా తెలివే. తెలివిలో ఉన్న 'తెలి'కి అర్థం తెల్లనిది, తేటైనది. తెల్లవారడంలోనూ, తెలివెన్నెలలోనూ ఉన్నది అదే. స్పృహ తప్పినవాడికి తెలివి వచ్చింది అంటాం, కమ్ముకున్న చీకటి విడిపోయిందని. కాబట్టి నా లెక్కలో తెలివి అంటే బ్రైట్, చురుకు అంటే స్మార్ట్. ఒకటి వెలుగు, ఇంకొకటి వేడి. మొద్దు ఈ రెండిటికీ ఎదురు నిలబడుతుంది: కత్తి మొద్దుబారుతుంది, పిల్లాడు మొద్దంటారు. ఇంగ్లీషువాళ్ళ 'డల్' కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది, చూశారా?

'స్మార్ట్' సంగతి. అమెరికా వెళ్ళే ఉత్తరంలో తప్పు లేదు గానీ, మాట్లాడుకునే భాష వాసన వేస్తుంది. బ్రిటన్ వెళ్ళే ఉత్తరంలో మానెయ్యడమే నయం. నన్నడిగితే ఈ నాలుగిటిలో ఏదీ రాయకుండా, ఆ పిల్లవాడు ఏ రోజు ఏ ప్రశ్న అడిగి మిమ్మల్ని ఆలోచనలో పడేశాడో రెండు వాక్యాలు రాయండి. ఉత్తరం చదివేవాడు ఆ విశేషణం తనే వేసుకుంటాడు.

ఇంకొకటి. 'స్ట్రీట్ స్మార్ట్' అని కొందరు రాస్తున్నారు. బయట తిరిగి బతకనేర్చినవాడు అని దాని అర్థం, లోకజ్ఞానం. పొగడ్తే, కానీ పుస్తకజ్ఞానం లేదనే ధ్వని పక్కనే నిలబడి ఉంటుంది. పీహెచ్‌డీ సీటుకు పనికిరాదు.

ప్రశ్న: ఒక విందు ఆహ్వానంలో 'స్మార్ట్ క్యాజువల్' అని ఉంది. స్మార్ట్‌గా వెళ్ళాలా, క్యాజువల్‌గా వెళ్ళాలా?

కాలరున్న చొక్కా, జీన్స్ కాని ప్యాంటు, మూసి ఉన్న చెప్పులు. టై అక్కర్లేదు. ఆడవాళ్ళకు ఎప్పటిలాగే నియమం తక్కువ, ఆలోచన ఎక్కువ. ఇక్కడున్నది బ్రిటిష్ స్మార్ట్ అని మాత్రం గుర్తుపెట్టుకోండి. తెలివి ఇంట్లో పెట్టి వెళ్ళినా ఎవరూ అడగరు.

ప్రశ్న: మా మేనేజర్ ఈ ఏడాది 'స్మార్ట్ గోల్స్' రాసివ్వమన్నాడు. తెలివైన లక్ష్యాలు అని అనువాదం చేసి ఇచ్చాను. పక్కవాళ్ళు నవ్వుతున్నారు.

అది విశేషణమే కాదు, ఐదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి కట్టిన మూట. జార్జ్ డోరన్ అనే ఆయన 1981లో 'మేనేజ్‌మెంట్ రివ్యూ' పత్రికలో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, ఫలానావాళ్ళ బాధ్యత అని తేలాలి, సాధ్యపడేదై ఉండాలి, గడువుండాలి. బాధ్యతను చెప్పే మూడో అక్షరం 'ఎ'కి తర్వాతివాళ్ళు 'అచీవబుల్', అంటే 'సాధించగలిగేది' అని వేరే అర్థం పెట్టుకున్నారు, ఆఫీసుల్లో ఎక్కువగా అదే నడుస్తోంది. మీ అనువాదానికి నవ్వినవాళ్ళని ఆ ఐదు అక్షరాలూ విడదీసి చెప్పమనండి.

ప్రశ్న: స్మార్ట్ ఫోన్‌కు తెలుగు మాట ఏది? 'తెలివి ఫోను' అనొచ్చా?
— ఒక హైస్కూల్ విద్యార్థిని

అనొచ్చు, కానీ ఎవరికీ అర్థం కాదు. అర్థమయ్యాక నవ్వొస్తుంది. ఫోనుకు 'చరవాణి' అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. చక్కని మాటే, అయినా చేతిలో అది మోగగానే ఆ పేరు పెట్టినవాళ్ళు కూడా "ఫోనొచ్చింది" అనే లేస్తారు. నిలదొక్కుకున్న మాటను పీకి కొత్తది నాటడం నా వల్ల అయ్యే పని కాదు. స్మార్ట్ ఫోన్ అనే రాయండి.

వస్తువులకు ఈ విశేషణం ఎలా వచ్చిందో చెప్తాను, అది మాత్రం వినదగ్గది. వియత్నాం యుద్ధ కాలంలో లేజర్ చూపిన చోటికి తనంతట తాను దారి సవరించుకుంటూ పోయే బాంబులు వచ్చాయి. 1970ల మొదట్లో వాటికి 'స్మార్ట్ బాంబ్' అనే పేరు వాడుకలోకి వచ్చింది. దారీతెన్నూ లేకుండా పడేవి 'డంబ్ బాంబ్'లు. ఆ తర్వాత చిప్ ఉన్న కార్డు స్మార్ట్ కార్డ్ అయింది. వేలితో తాకి వాడుకునే తెర, ఈమెయిల్, ఫ్యాక్స్ అన్నీ ఉన్న 'ఐబీఎం సైమన్' ఫోను 1994లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ఈ పేరు లేదు. ఆ తరహా ఫోన్లకు స్మార్ట్ ఫోన్ అనే పేరు 1990ల రెండో సగంలో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు టీవీ, వాచీ, బల్బు, చివరికి చెత్తబుట్ట కూడా స్మార్టే. నొప్పి అనే అర్థంతో పుట్టిన మాట బాంబు దగ్గర మళ్ళీ తన మొదటి యజమానిని కలుసుకుందని నాకనిపిస్తుంది, అయితే ఆ పేరు పెట్టినవాళ్ళకు ఆ ఆలోచన ఉండి ఉండదు.

ప్రశ్న: మీరు 'స్మార్ట్' గురించి రాస్తానన్నారు కాబట్టి నా సంగతి. నేను సరుకుల ఓడల మీద పనిచేసి రిటైరయ్యాను. మొదటి ప్రయాణంలో ఒక బ్రిటిష్ అధికారి డెక్ మీదికొచ్చి నన్ను చూసి "లుక్ స్మార్ట్!" అని అరిచాడు. నేను గబగబా చొక్కా ప్యాంటులోకి దోపుకుని, జుట్టు సర్దుకుని, నిటారుగా నిలబడ్డాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఈలోగా కట్టాల్సిన తాడు జారి నీళ్ళలో పడింది. ఆయన అడిగింది ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.
— ఒక మాజీ నావికుడు

త్వరగా కానివ్వమన్నాడండీ. తాడు పట్టుకోమన్నాడు.